డంజన్స్ అండ్ డ్రాగన్స్ పోరాటంలో ఎవరి వంతు ఎప్పుడు, ఏం చేయొచ్చు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా పాచికలతో ఆడే కథల ఆట. ఇవి దాని 2014 నాటి ఐదో ఎడిషన్ నియమాలు. పోరు మొదలవగానే అందరూ 20 ముఖాల పాచిక వేసి, డెక్స్టెరిటీ మాడిఫయర్ (పాత్ర చురుకుదనాన్ని బట్టి వచ్చే అంకె) కలపాలి. ఎక్కువ వచ్చినవాళ్లది ముందు వంతు. ఒకే రకం శత్రువులు ఆరుగురుంటే అందరికీ కలిపి ఒక్క పాచిక చాలు. వరుసను అందరికీ కనబడేలా కాగితం మీద రాసిపెట్టండి, లేకపోతే ప్రతి రౌండులోనూ "ఇప్పుడెవరు?" అనే ప్రశ్నే.

రౌండ్ అంటే అందరికీ ఒక్కో వంతు వచ్చే చుట్టు, ఆటలో సుమారు 6 సెకన్లు. మీ వంతులో ఒక యాక్షన్ (దెబ్బ కొట్టడం, మంత్రం వేయడం లాంటి ముఖ్యమైన పని), మీ వేగం మేరకు కదలిక. కదలికను ముక్కలు చేసుకోవచ్చు: వేగం 30 అడుగులైతే 10 అడుగులు వెళ్లి, ఒక దెబ్బ కొట్టి, మిగతా 20 అడుగులు వెనక్కి జరగొచ్చు. కాకపోతే శత్రువు అందుకోగల దూరం దాటేటప్పుడు అతను రియాక్షన్ (వేరేవాళ్ల వంతులో కూడా వెంటనే చేయగల ఎదురుపని) వాడి మీకొకటి తగిలించొచ్చు. అది వద్దనుకుంటే డిసెంగేజ్ (ఆ దెబ్బ తగలకుండా తప్పుకోవడం) చేయాలి, దానికి మీ యాక్షన్ ఖర్చవుతుంది. కిందపడి ఉంటే లేవడానికే సగం వేగం పోతుంది.

గొడవంతా బోనస్ యాక్షన్ (అదే వంతులో యాక్షన్‌కు తోడు చేసే అదనపు పని) దగ్గరే. ఏదైనా సామర్థ్యమో మంత్రమో ఇస్తేనే అది ఉంటుంది. వాడకుండా మిగిలిన యాక్షన్‌ను బోనస్ కింద మార్చుకోవడం కుదరదు.

రియాక్షన్ ఒక్కటే, మీ తర్వాతి వంతు మొదట్లో తిరిగొస్తుంది. రెడీ యాక్షన్‌లో (ఫలానాది జరిగితే ఈ పని చేస్తానని ముందే చెప్పిపెట్టడం) చాలామంది బోల్తా పడేది ఇక్కడే. "తలుపు తెరుచుకోగానే బాణం వేస్తా" అన్నారనుకోండి, ఆ బాణానికి రియాక్షన్ కావాలి. ఈలోగా దాన్ని మరోదానికి వాడేస్తే బాణం లేనట్టే, యాక్షన్ కూడా వృథా.