బల్దియా కౌన్సిల్ అజెండా, తీర్మానాల నకళ్లకు దరఖాస్తు చేసుకోవడం ఎలా?

వరంగల్ బల్దియా (నగరపాలక సంస్థ) కౌన్సిల్ సమావేశం జరిగిన మరునాడు పత్రికలో ఎవరు పోడియం దగ్గరికి దూసుకెళ్లారో, ఎవరు బయటికి వెళ్లిపోయారో వివరంగా ఉంటుంది. మన వీధి మురుగుకాలువ పనికి ఆమోదం దొరికిందా లేదా అన్నది మాత్రం వెతికినా కనిపించదు. అది ముందు అజెండాలో, తర్వాత తీర్మానాల పుస్తకంలో ఉంటుంది. రెండూ ఎవరైనా అడిగి తీసుకోగల కాగితాలే. ఏది ఎప్పుడు అడగాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు.

సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద జవాబుకు గడువు 30 రోజులు. వచ్చే వారం సమావేశం ఉందని ఈ రోజు దరఖాస్తు పెడితే, కాగితం చేతికందేసరికి ఓటింగ్ కూడా అయిపోతుంది. అందుకే సమావేశానికి ముందు అర్జీ, ముగిశాక ఆర్టీఐ.

అర్జీ మీ డివిజన్ కార్పొరేటర్‌కు ఒకటి, కమిషనర్‌కు ఒకటి ఇవ్వండి. నగరంలోని 66 డివిజన్లలో మీది ఎన్నోదో ముందుగా తెలుసుకోండి. మన నగరం హనుమకొండ, వరంగల్ జిల్లాల్లో పరుచుకుని ఉండటంతో ఏ కలెక్టరేట్‌కు వెళ్లాలో తెలియక తిరిగేవారు కనిపిస్తుంటారు. కౌన్సిల్ వ్యవహారానికి కలెక్టరేట్‌తో పనిలేదు, రెండు జిల్లాలకూ బల్దియా ఒక్కటే. అజెండా ప్రతి కార్పొరేటర్‌కు ముందే అందుతుంది కాబట్టి మీ వీధి పని అందులో ఉందో లేదో ఆయన్నో ఆమెనో చూపించమని అడగడంలో తప్పులేదు. లేకపోతే పెట్టించమని అడగండి.

అర్జీలో ‘నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లొస్తున్నాయి’ అని రాస్తే ఇంజినీరింగ్ విభాగం దానితో చేయగలిగేదేమీ ఉండదు. 2020 ఆగస్టు, 2023 జూలై వరదల తర్వాత అలాంటి అర్జీలు కుప్పలుగా వచ్చి ఉంటాయి. ‘ఫలానా ఇంటి నంబరు మూల నుంచి కల్వర్టు దాకా, సుమారు 60 గజాలు, కాలువ గోడ కూలింది’ అని రాసి, ఫోటో జతచేస్తే పని ఖర్చు అంచనా తయారుచేయడానికి ఒక ఆధారం దొరుకుతుంది. అంచనా లేని పని అజెండాలోకి రావడం కష్టం.

ఇక ఆర్టీఐ. నేను మొదటిసారి ‘మా కాలువ ఎందుకు కట్టలేదు?’ అని అడిగాను. ‘మీరు కోరినది సమాచారం నిర్వచనం కిందికి రాదు’ అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. కోపం వచ్చింది కానీ, తప్పు నాదే. చట్టం కింద దొరికేది కార్యాలయం దగ్గర ఉన్న కాగితమే. అధికారి అభిప్రాయమో సంజాయిషీయో దొరకదు. రెండోసారి ప్రశ్నలు మానేసి కాగితాలు అడిగాను. ఏడు పేజీలు వచ్చాయి, పద్నాలుగు రూపాయలు. నాలుగో పేజీలో మా వీధి పేరు, దాని ఎదురుగా మార్జిన్‌లో చేతిరాతతో ‘వాయిదా’, కింద పొట్టి సంతకం. నేను అడిగిన ‘ఎందుకు’కి జవాబు ఆ తర్వాతి పేజీలో ఉంది: అంచనా అందలేదట.

తెల్లకాగితం మీద తెలుగులోనే రాయవచ్చు. నమూనా ఇది:

‘ప్రజా సమాచార అధికారి, గ్రేటర్ వరంగల్ మహానగరపాలక సంస్థ గారికి. సమాచార హక్కు చట్టం-2005, సెక్షన్ 6(1) ప్రకారం దరఖాస్తు. ఫలానా తేదీన జరిగిన కౌన్సిల్ సమావేశానికి సంబంధించి: 1. సభ్యులకు పంపిన అజెండా, అనుబంధ అజెండా నకళ్లు. 2. ఆమోదించిన, సవరించిన, వాయిదా వేసిన తీర్మానాల నకళ్లు, తీర్మానం నంబర్లతో. 3. ఫలానా డివిజన్‌లోని ఫలానా పని ఫైలులో నోట్ షీట్ల నకళ్లు.’

అనుబంధ అజెండా మాట మరవొద్దు. చివరి నిమిషంలో బల్ల మీదికి వచ్చే అంశాలు అందులోనే ఉంటాయి, ఆసక్తికరమైనవి కూడా తరచూ అవే. సమాచారం ఎందుకు కావాలో రాయనక్కర్లేదు. ఎవరైనా అడిగినా చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ హక్కు ఇస్తుంది. పాలకవర్గం గడువు ముగిసి ప్రత్యేకాధికారి ఉన్న కాలానికైతే ‘కౌన్సిల్ తీర్మానాలు’ బదులు ‘ప్రత్యేకాధికారి తీర్మానాలు’ అని రాయండి.

ఫీజు పది రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపుగా గానీ పోస్టల్ ఆర్డరుగా గానీ జతచేయవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ధ్రువపత్రం నకలు పెడితే ఫీజు లేదు. నకళ్లకు పేజీకి రెండు రూపాయలు. టపా విభాగంలో ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ముద్ర సరిగా పడకపోతే మళ్లీ వేయమని అడగండి, తర్వాత గడువు లెక్కకు ఆధారం అదొక్కటే. నకళ్ల ఖర్చు కట్టమని లేఖ వస్తే త్వరగా కట్టేయండి. ఆ లేఖ పంపిన రోజు నుంచి మీరు డబ్బు కట్టే రోజు వరకు 30 రోజుల లెక్క ఆగిపోతుంది.

ఫైలు లావుగా ఉంటుందనిపిస్తే నకళ్లకు బదులు ‘రికార్డు తనిఖీకి అవకాశం ఇవ్వండి’ అని అడగడం మేలు. మొదటి గంట ఉచితం. కావలసిన పేజీలు గుర్తుపెట్టుకుని వాటికే డబ్బు కట్టవచ్చు.

ఇంకొకటి. కౌన్సిల్ సమావేశాలకు ప్రజలు వెళ్లవచ్చా, మినిట్స్ (సమావేశంలో జరిగినదాని నమోదు) ప్రజలకు అందుబాటులో ఉన్నాయా అన్నది కార్యాలయమే స్వయంగా ప్రకటించాలని సెక్షన్ 4(1)(బి) చెబుతోంది. ఆ ప్రకటన నకలు కూడా ఒక అంశంగా అడిగి చూడండి.

30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చింది అసంపూర్ణంగా ఉంటే, మరో 30 రోజుల్లోగా అదే సంస్థలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు పెట్టాలి. దీనికి ఫీజు లేదు. ఆయన 30 రోజుల్లో, ఆలస్యమైతే కారణం రాసి 45 రోజుల్లోగా తేల్చాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా హైదరాబాదులోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి పేజీల ఖర్చు తీసుకోకూడదు, సెక్షన్ 7(6). ఆ సెక్షన్ నంబరు అప్పీలులో రాసి, ముద్ర పడిన మీ రెండో ప్రతి జిరాక్సు దానికి జతచేయండి.