అంగం గట్టిపడటం లేదా? సంతలో పొడి కొనేముందు చేయాల్సినవి

మొదట ఇది జబ్బో కాదో తేల్చుకోండి. బాగా అలసిన రోజు, నిద్ర చాలని రోజు, ఎక్కువ తాగిన రాత్రి అంగం గట్టిపడకపోవడం ఎవరికైనా జరుగుతుంది. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లి, నెలల తర్వాత ఇల్లు చేరిన మనిషికి మొదటి రాత్రుళ్లలో ఇలా అయితే ఆశ్చర్యం లేదు. సరిగ్గా జరుగుతుందో లేదో అన్న బెంగే పని చెడగొడుతుంది. అలా కాకుండా మూడు నెలలుగా, చాలాసార్లు, గట్టిపడకపోవడమో, గట్టిపడినా కలయిక పూర్తయ్యేదాకా నిలవకపోవడమో ఉంటే అది అంగస్తంభన లోపం. వీర్యం త్వరగా పడిపోవడం వేరే సమస్య, దాని వైద్యమూ వేరు.

తర్వాత, తెల్లవారుజామున గమనించండి. నిద్ర లేచేసరికి అంగం గట్టిగా ఉంటోందంటే నరాలు, రక్తనాళాలు చాలావరకు బాగున్నట్టే. అప్పుల దిగులు, ఇంట్లో గొడవ, భయం లాంటివి కారణం కావచ్చు. నెలల మీద మెల్లగా తగ్గుతూ వచ్చి, తెల్లవారుజామున కూడా లేకపోతే ఒంట్లో కారణం వెతకాలి.

ఇక్కడ కాస్త ఆగి చదవండి. రక్తం నిండుగా వచ్చి నిలిస్తేనే అంగం గట్టిపడుతుంది. అక్కడి ధమనుల వెడల్పు 1-2 మిల్లీమీటర్లు. గుండె ధమనులు 3-4 మిల్లీమీటర్లు ఉంటాయి. కొవ్వు పేరుకుంటే ముందు సన్నవాటికే ఇబ్బంది. అందుకే కొందరిలో గుండెజబ్బు బయటపడటానికి 2 నుంచి 5 ఏళ్ల ముందే ఈ లోపం కనిపిస్తుంది. సిగ్గుతో దీన్ని దాచుకునే మనిషి గుండె గురించిన హెచ్చరికను కూడా దాచేసుకుంటున్నాడు. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే.

షుగరు అయితే నరాలను, రక్తనాళాలను రెండింటినీ దెబ్బతీస్తుంది. బీపీ, కొలెస్ట్రాల్, బీడీ, ఖైనీ, గుట్కా, రోజూ తాగే సారా కూడా కారణాలే. కొన్ని బీపీ మాత్రలు, దిగులుకు వాడే కొన్ని మాత్రల వల్ల కూడా రావచ్చు. అలాగని వాటిని మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుకు చెబితే మారుస్తారు. చిన్నప్పటి హస్తప్రయోగం వల్ల వచ్చిందన్న మాట మాత్రం నమ్మొద్దు.

ఇక పరీక్షలు. ఒడిశాలో ఉంటే పర్లాకిమిడి, రాయగడ లాంటి చోట్ల జిల్లా ఆసుపత్రిలో షుగరు, బీపీ లాంటి అంటని జబ్బులు చూసే ఎన్‌సీడీ క్లినిక్‌కు వెళ్లి షుగరు, బీపీ చూపించుకోండి. పరగడుపున షుగరు 126 లేదా అంతకంటే ఎక్కువున్నా, మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకంటే ఎక్కువున్నా మధుమేహం ఉందని అనుమానించాలి. కొలెస్ట్రాల్‌తో పాటు, అవసరమైతే ఉదయం పూట టెస్టోస్టిరాన్ (మగ హార్మోను) పరీక్ష కూడా రాస్తారు. అక్కడ తేలకపోతే బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకో, కొరాపుట్ మెడికల్ కాలేజీకో, విశాఖ కేజీహెచ్‌కో వెళ్లొచ్చు. డాక్టరుతో ఒడియాలో ఈ సంగతి చెప్పడానికి నోరు రాకపోతే ఎప్పటి నుంచి, ఎలా ఉందో, ఏ మందులు వాడుతున్నారో చీటీ మీద రాయించి ఇవ్వండి. మేనల్లుణ్నో పక్కింటాయన్నో తోడు తీసుకెళ్తే అసలు మాట గొంతులోనే ఉండిపోతుంది. మనసు బాగోలేదనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్, తెలుగులోనూ మాట్లాడతారు.

సంతలో అమ్మే "గ్యారంటీ" పొడుల సంగతి. ఇలాంటి మూలికల మందుల్లో అంగం గట్టిపడటానికి వాడే సిల్డెనఫిల్ అనే ఇంగ్లీషు మందును చెప్పకుండా కలిపిన ఉదంతాలు చాలా బయటపడ్డాయి. డాక్టరు చూసి రాస్తే సిల్డెనఫిల్ మంచి మందే. కానీ గుండెనొప్పికి సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు దాన్ని తీసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. పొడిలో ఏముందో తెలియకుండా మింగడం అందుకే ప్రమాదం.

ఆలస్యం చేయకూడని సందర్భాలు: నడిచినా, కలిసినా ఛాతీలో నొప్పి రావడం, నడుముకు దెబ్బ తగిలాక లోపం మొదలవడం, తొడల మధ్య స్పర్శ తగ్గడం లేదా మూత్రం ఆగకపోవడం, మందు వేసుకున్నాక 4 గంటలైనా అంగం మెత్తబడకపోవడం. వీటిలో ఏది ఉన్నా అప్పుడే ఆసుపత్రికి బయల్దేరండి.

ఇంట్లో భార్యకు ముందే చెప్పండి. మీరు మాట్లాడకపోతే తన మీద ఇష్టం పోయిందనో, బయట ఇంకెవరో ఉన్నారనో ఆమె లోలోపల కుమిలిపోవచ్చు. రెండోసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆమె కూడా వస్తే, మీరు చెప్పలేనిది ఆమె చెబుతుంది.