బొడ్డు వాపును వదులు చర్మమనుకున్నాను: నా అనుభవం
విశాఖపట్నం దగ్గర ఆనందపురంలోని మా పాకలో, గత వానాకాలం పుట్టిన ఒంగోలు కోడెదూడకు బొడ్డు కింద వేలాడుతున్నది ఆ జాతికి సహజమైన వదులు చర్మమేనని నేను 4 రోజులు పొరబడ్డాను. ఆ ముడత మెడ కింద వేలాడే గంగడోలులాగే మెత్తగా ఉండాలి. మా దూడకు మాత్రం అది వేడిగా, గట్టిగా ఉండి, తాకితే కాలు విదిలించేది. పశువైద్యుడు చీము తీసి, 5 రోజులు యాంటీబయాటిక్ సూదులు వేశాక తగ్గింది.

తరువాతి ఈతలో బొడ్డుతాడును పొట్టకు 2 అంగుళాల దిగువన శుభ్రమైన దారంతో కట్టి, కోసి, 7 శాతం టింక్చర్ అయోడిన్‌లో ముంచాను. 2 గంటల్లోపే ముర్రుపాలు తాగించి, కింద పరచిన ఎండుగడ్డిని రోజూ మార్చాను. వాపు రాలేదు. బొడ్డు చర్మం మరీ వేలాడే ఆబోతును మాత్రం ఇక ఎంచుకోను. ఆ లక్షణం దూడలకూ దిగుతుంది, వేలాడే చర్మం ముళ్లకంపలకు గీసుకుపోతుంది.