మూత్రనాళం ఆపరేషన్‌కి వెళ్తున్నారా? ముందు ఇది చదవండి

నేను యూరాలజీ వార్డులో స్టాఫ్ నర్సుని. మగవాళ్లలో మూత్రం బయటికొచ్చే నాళం లోపల మచ్చపడి సన్నబడితే చేసే ఆపరేషన్ గురించి చెబుతున్నా. ధార సన్నబడినా, ముక్కి ముక్కి పోయాల్సి వస్తున్నా ఎవరికీ చెప్పుకోలేక, పూర్తిగా ఆగిపోయాక పొత్తికడుపు పట్టుకుని వచ్చేవాళ్లే మాకు ఎక్కువ.

ఆర్‌జీయూ అని ఒక ఎక్స్‌రే తీస్తారు. అంగం కొన నుంచి, ఎక్స్‌రేలో కనబడే మందు ఎక్కిస్తారు కాబట్టి కాస్త మంట ఉంటుంది, ఓర్చుకోండి. నాళం ఎక్కడ సన్నబడింది, ఎంత పొడవు? ఈ రెండూ డాక్టరుగారిని అడిగి రాయించుకోండి. బల్బార్ భాగంలో (అంటే వృషణాల వెనక వైపు ఉండే నాళంలో) 2 సెంటీమీటర్ల లోపైతే మొదటిసారి కెమెరాతో లోపలే కోసి వెడల్పు చెయ్యొచ్చు. అది మళ్లీ మూసుకుపోతే మాత్రం "చిన్న పనే కదా, ఇంకోసారి కోయించేద్దాం" అనకండి. కోసిన చోట మచ్చ పెరిగి, రేపటి ఆపరేషన్ కష్టమవుతుంది. యూరెత్రోప్లాస్టీ, అంటే బయటి నుంచి కోసి నాళాన్నే బాగుచేసే ఆపరేషన్ గురించి అప్పుడే అడగండి.

చిన్న ముక్కైతే మచ్చపడిన చోటు తీసేసి రెండు కొసలూ కలిపి కుడతారు. పొడవుగా ఉంటే బుగ్గ లోపలి పొర తెచ్చి అతికిస్తారు. ఎప్పుడూ తడిలో ఉండే పొర కాబట్టి మూత్రానికి తట్టుకుంటుంది. పుణెలోని డాక్టర్ సంజయ్ కులకర్ణి పేరుతో ఉన్న పద్ధతిలో నాళం పొడవునా ఒకే ఆపరేషన్‌లో ఇలా బాగుచేస్తారు.

గుట్కా, ఖైనీ వేసేవాళ్ల దగ్గరే చిక్కు. బుగ్గ బిగుసుకుపోయి నోరు తెరుచుకోకపోతే అక్కడి పొర పనికిరాదు. ఆపరేషన్ డేట్ దాకా ఆగకుండా ఇవాళే మానెయ్యండి. యూరిన్ కల్చర్‌లో ఇన్ఫెక్షన్ ఉంటే అది తగ్గాకే ఆపరేషన్.

బుగ్గ పొర తీస్తే నోట్లో పుండు ఉంటుంది కాబట్టి ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు చల్లారిన పెరుగన్నం, మజ్జిగ. ఆవకాయ జోలికి పోవద్దు.

అసలు జాగ్రత్తంతా మూత్రం బ్యాగులోకి వెళ్లడానికి వేసే పైపుతోనే (కాథెటర్). మామూలుగా రెండు మూడు వారాలు ఉంచుతారు. లాగినట్టు లేకుండా పొట్టకో తొడకో ప్లాస్టర్ వేసి ఉంచాలి. బ్యాగు నడుము కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. పైపు పక్కనుంచి కాస్త కారితే అది బ్లాడర్ పట్టేయడం వల్ల కావచ్చు, మాత్ర ఉంది, ఫోన్ చేసి చెప్పండి. బ్యాగులోకి చుక్క రాకుండా పొట్ట ఉబ్బితే మాత్రం వెంటనే వచ్చెయ్యండి. ఊళ్లో ఆర్‌ఎంపీ చేత పైపు మార్పించొద్దు, కుట్లు చీలిపోతాయి. తెల్లవారుజామున అంగం గట్టిపడి నొప్పి పెడుతుంది. ఇది అడగడానికి సిగ్గుపడతారు కాబట్టి నేనే చెబుతున్నా, టెన్షన్ పడకండి, దానికీ మందులున్నాయి.

పైపు తీసేముందు మళ్లీ మందు ఎక్కించి ఫిల్మ్ తీస్తారు. లీక్ కనబడితే ఇంకొన్నాళ్లు ఉంచుతారు, గొడవపడొద్దు.

తర్వాత ఫ్లో టెస్టులకి (మెషిన్‌లో మూత్రం పోయించి ధార వేగం చూసే పరీక్షలకి) పిలుస్తారు. బాగానే వస్తోందని మానెయ్యకండి. నీళ్లు తాగి, ఆపుకుని రండి. ఆస్పత్రి గేటు దగ్గరే పోసేసి వస్తే మెషిన్ దగ్గర ఇద్దరం ఎదురుచూడాల్సిందే.