సెవర్డ్ స్టీల్ నేర్చుకుందాం – పాఠం 3: గాల్లో ఉండగానే తర్వాతి అడుగు

గత పాఠంలో మీకొక పని ఇచ్చాను. సెవర్డ్ స్టీల్ అనే ఈ వీడియో గేమ్‌లో మొదటి రెండు మూడు లెవెల్స్‌లో ఒక్క తూటా కూడా కాల్చకుండా, దూకుతూ, జారుతూ, గోడల మీద పరిగెడుతూ వీలైనంతసేపు బతికి ఉండమన్నాను. చేసినవాళ్లకు ఈపాటికి ఒక సంగతి తెలిసొచ్చి ఉంటుంది. గన్ను ముట్టకపోయినా కాళ్లు ఆడుతున్నంతసేపూ చావు దగ్గరకు రాదు. చేయనివాళ్లు దయచేసి ఒక అరగంట ఆ పని చేసి ఇక్కడికి రండి. ఇవాళ్టి పాఠం మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఆట గురించి రెండు మాటలు. సెవర్డ్ స్టీల్ 2021లో వచ్చిన ఫస్ట్ పర్సన్ షూటర్, అంటే పాత్ర కళ్లతోనే చూస్తూ కాల్చే ఆట. తయారుచేసింది గ్రేలాక్ స్టూడియో. మనం ఆడే పాత్ర పేరు స్టీల్. ఆమెకు ఒక చెయ్యి లేదు. ఎదురుగా ఉన్నది ఈడెన్‌సిస్ అనే మహా కంపెనీ, దాని సాయుధ బలగం. నియాన్ వెలుగులు, చీకటి, గాజు గోడలు... సైబర్‌పంక్ (యంత్రాలు, మహా కంపెనీలు రాజ్యమేలే చీకటి భవిష్యత్తు కథలు) అనగానే కళ్ల ముందు మెదిలే హంగులన్నీ ఇందులో ఉన్నాయి. నాకు మాత్రం ఈ ఆట మీద ఇష్టం కలిగింది ఆ చెయ్యి దగ్గరే. ఉన్నది ఒక్క చెయ్యి, ఆ చేతిలో గన్ను. మరి మ్యాగజిన్ (గన్నులో తూటాలుండే డబ్బా) మార్చడం ఎలా? మార్చలేదు. అందుకే ఈ ఆటలో రీలోడ్ అన్నదే లేదు. తూటాలు అయిపోతే గన్ను విసిరేయడం, ఇంకొకటి దొరకబుచ్చుకోవడం. కథలో ఒక వాక్యంగా చెప్పి వదిలేయదగ్గ విషయాన్ని తీసుకుని ఆట నియమంగా మార్చారు. మనిషి శరీరానికీ యంత్రానికీ మధ్య ఉండే సంబంధమే సైబర్‌పంక్‌కు గుండెకాయ అనుకుంటే, దాన్ని ఆడేవాడి వేళ్ల దాకా తెచ్చిన ఆటలు చాలా తక్కువ.

ఇవాళ నేర్చుకోబోయేవి రెండు. ఒకటి, గన్ను మార్పిడి. రెండోది, విన్యాసాలను తెగకుండా కలపడం. మొదటిది తేలిక కాబట్టి త్వరగా ముగిద్దాం.

గన్ను మార్పిడి

వేరే షూటర్లు ఆడి వచ్చినవాళ్లందరికీ ఒక అలవాటు ఉంటుంది. నాలుగు తూటాలు కాల్చగానే వేలు దానంతటదే రీలోడ్ కీ మీదకు పోతుంది. ఇక్కడ ఆ కీతో పని లేదు. అయినా వేలు పోతూనే ఉంటుంది, దాంతోపాటు మనసు కూడా ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణమే ప్రమాదం. ఈ అలవాటు పోవాలంటే నేను చూసినంతలో ఒకటే మార్గం: తూటాలు పూర్తిగా అయ్యేదాకా చూడకండి. మొదటి వారం అంతా గన్నులో ఇంకా రెండు మూడు తూటాలు ఉండగానే విసిరేయండి. వృథా అనిపిస్తుంది, ఫరవాలేదు. విసరడం అనేది ఆపద్ధర్మంలా కాకుండా మామూలు పనిలా వేళ్లకు అలవాటు కావాలి. విసిరిన గన్ను తగిలినా దెబ్బే కదా, కాబట్టి ఖాళీ నేల మీదకు కాకుండా మనిషి మీదకే విసరండి.

ఇంకో గన్ను ఎక్కడి నుంచి వస్తుంది? పడిపోయినవాడి పక్కన దొరుకుతుంది, లేదా బతికున్నవాడి చేతిలోంచే లాక్కోవచ్చు. ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అందరికంటే దగ్గరగా ఉన్నవాణ్ణి ముందు కాలుస్తారు. వాడు మీకు ఎడమ పక్కన ఉన్నాడనుకోండి, మీరు వెళ్లాల్సిన ద్వారం కుడి పక్కన ఉంది. వాడి గన్ను కోసం మీరు వెనక్కి తిరగాలి. తిరిగితే వేగం పోతుంది. అందుకని మీరు వెళ్లబోయే దారిలో ఉన్నవాణ్ణి ముందు పడగొట్టండి. చేతిలో గన్ను ఖాళీ అయ్యే సమయానికి మీ కాళ్లు సరిగ్గా వాడి గన్ను దగ్గరకు చేరతాయి. కాబట్టి ఎవణ్ణి కాల్చాలన్నది గురి విషయం కానే కాదు, దారి విషయం. ఇది ఒంటపడితే ఆట సగం వచ్చినట్టే.

విన్యాసాల గొలుసు

ఇక అసలు విషయం. డైవ్ (ఒళ్లు చాచి గాల్లోకి దూకడం), స్లైడ్ (నేల మీద జారడం), వాల్ రన్ (గోడ మీద పరుగు), పల్టీ – వీటిలో ఏదో ఒకటి చేస్తున్నంతసేపు మీకు తూటా తగలదు. ఇది ఈ ఆట ఇచ్చే హామీ. నేల మీద మామూలుగా నడుస్తున్నా, నిలబడి గురి చూస్తున్నా ఆ హామీ ఉండదు. అంటే మీరు చనిపోయేది ఎప్పుడూ రెండు విన్యాసాల మధ్య ఖాళీలోనే. ఇది మాటల్లో చదివితే తేలిగ్గానే ఉంటుంది. నాకు నిజంగా అర్థం కావడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

ఒక గది నన్ను వారం రోజులు తిప్పలు పెట్టింది. మధ్యలో గాజు అద్దాలు, అవతల నలుగురు కాపలాదారులు, చివర్లో బయటికి పోయే దారి. ప్రతిసారీ మొదటి ఇద్దరినీ పడగొట్టేవాణ్ణి, మూడోవాడి దగ్గర చచ్చిపోయేవాణ్ణి. నా గురి బాగోలేదనుకుని మౌస్ సెట్టింగులు మార్చాను, చెయ్యి పెట్టుకునే తీరు మార్చాను. ఏం లాభం లేకపోయింది. చివరికి ఒకరోజు నా ఆటను రికార్డు చేసి, ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరుపుకుంటూ చూశాను. అద్దం పగలగొట్టుకుంటూ డైవ్ చేశాను, బాగానే ఉంది. గాల్లో ఇద్దరినీ కొట్టాను, అదీ బాగుంది. నేలకు తగిలాను. తర్వాత లేచి నిలబడి, మూడోవాడు ఎక్కడున్నాడా అని తల అటూ ఇటూ తిప్పి వెతుకుతున్నాను. ఆ వెతకడం దాదాపు అర సెకను. తూటాలు తగిలినవన్నీ ఆ అర సెకనులోనే. పది రికార్డింగులు చూస్తే పదింటిలోనూ అదే చోటు.

దీని వెనుక లెక్క సులువు. కంటికి ఏదో కనిపించి, దానికి వేలు స్పందించేసరికి మామూలు మనిషికి సుమారు పావు సెకను పడుతుంది. మీ స్క్రీన్ సెకనుకు 60 ఫ్రేములు చూపిస్తుంటే ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు. అంటే మీరు చూసి, ఆలోచించి, నొక్కే లోపల 15 ఫ్రేములు గడిచిపోతాయి. మంచి మానిటర్ కొంటే ఫ్రేములు పెరుగుతాయి గానీ పావు సెకను తగ్గదు. నేల మీద పడ్డాక ఆలోచిద్దామనుకుంటే ఎంత చురుకైనవాళ్లకైనా ఆలస్యమే. అందువల్ల తర్వాతి విన్యాసం ఏమిటన్నది ఇప్పటి విన్యాసం నడుస్తుండగానే తేలిపోవాలి. డైవ్‌లో గాల్లో ఉన్నప్పుడే కళ్లు శత్రువు మీద నుంచి తీసి, పడబోయే చోటు అవతల ఏముందో చూడాలి. గోడ ఉందా? వాల్ రన్. ఖాళీ నేల ఉందా? స్లైడ్. గట్టు ఉందా? దూకడం.

మొదట్లో ఇది చాలా కష్టంగా ఉంటుంది. ఎదురుగా మనిషి గన్ను పేలుస్తుంటే వాడి మీంచి చూపు తీయాలంటే మనసొప్పదు. దానికే స్లో మోషన్.

చాలామంది స్లో మోషన్‌ను తల మీద గురి పెట్టడానికి వాడతారు. కాలాన్ని నెమ్మది చేసి కాల్చడాన్ని 2001లో మాక్స్ పేన్ అనే ఆట అందరికీ అలవాటు చేసింది, ఆ అలవాటే ఇక్కడికీ వస్తుంది. తప్పని అనను. కానీ నేర్చుకునే రోజుల్లో దాన్ని చూడటానికి వాడండి. డైవ్ మొదలు, స్లో మోషన్ నొక్కు, ఒకణ్ణి కొట్టు, వెంటనే చూపు దారి మీదకు, తర్వాతి చోటు తేల్చుకో, స్లో మోషన్ వదిలెయ్. అంతే. శత్రువులను పడగొడుతుంటే స్లో మోషన్ ఎంత మిగిలిందో చూపే మీటరు మళ్లీ నిండుతూ ఉంటుంది కాబట్టి పొదుపు చేసి దాచుకోవాల్సిన అవసరం లేదు. చిన్న చిన్న ముక్కలుగా, తరచుగా వాడండి. ఒకేసారి మొత్తం ఖాళీ చేసుకుంటే, నేలకు తగిలే వేళకు చేతిలో ఏమీ మిగలదు.

గోడల గురించి ఒక జాగ్రత్త. ఈ ఆటలో కట్టడాలు వోక్సెల్స్‌తో, అంటే చిన్న చిన్న ఘనాలతో చేసినవి. తూటాలకు, పేలుళ్లకు నిజంగానే ముక్కలై రాలిపోతాయి. కిందటి ప్రయత్నంలో మీరు పరిగెత్తిన గోడ ఈసారి కాల్పుల్లో సగం ఎగిరిపోయి ఉండొచ్చు. కాబట్టి దారిని బట్టీ పట్టకండి. "ఆ ఎడమ గోడ" అని గుర్తుపెట్టుకున్నవాళ్లు అక్కడికి చేరాక ఖాళీలోకి దూకి పడిపోతారు. చూసి తేల్చుకోవడమే పని. గోడ చాటున దాక్కుందామన్నా ఇదే కారణంగా కుదరదు, ఆ చాటు ఎంతోసేపు నిలవదు.

ఆడినవాళ్ల మాట

ఈ పాఠాలు మొదలుపెట్టినప్పటి నుంచి ఆట గురించి రకరకాల అభిప్రాయాలు వింటున్నాను. ఎక్కువగా వినిపించేది, చిన్న ఆట, కొన్ని గంటల్లో అయిపోయింది అన్నది. నిజమే, కథ మొత్తం ఒక సాయంత్రంలో పూర్తి చేయొచ్చు. కథ పలచగా ఉందన్న మాటతోనూ నేను ఏకీభవిస్తాను. స్టీల్ గురించి ఇంకా తెలుసుకోవాలనిపిస్తుంది, ఆట ఆ అవకాశం ఇవ్వదు. కానీ "అయిపోయింది" అన్నవాళ్లను ఒక ప్రశ్న అడుగుతాను: ఒక్కసారైనా ఒక లెవెల్‌ను మొదటి నుంచి చివరి దాకా నేల మీద నిలబడకుండా దాటారా? నాకు తెలిసి చాలామంది దాటలేదు. లెవెల్స్ పొట్టిగా ఉండటం ఆటకు లోటని కొందరంటారు. నేర్చుకునేవాడికి మాత్రం అది పెద్ద వరం. చచ్చిన మరుక్షణం అదే గది మళ్లీ మొదలవుతుంది, చేసిన తప్పు ఇంకా కళ్ల ముందే ఉంటుంది. సంగీత సాధనలో ఒకే వరుసను వందసార్లు పాడినట్టు, ఇక్కడ ఒకే గదిని వందసార్లు ఆడొచ్చు.

ఇంకొందరు కళ్లు తిరుగుతున్నాయని, కడుపులో వికారంగా ఉందని చెప్పారు. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇంత వేగం, పల్టీలు, మెరుపులు అందరి ఒంటికీ పడవు. సెట్టింగ్స్‌లో మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు దృశ్యం మసకబారడం) ఉంటే ఆపేయండి. ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెర మీద ఎంత వెడల్పు దృశ్యం కనిపిస్తుందన్నది) బాగా తక్కువగా ఉంటే కొంచెం కొంచెంగా పెంచి, ఎక్కడ హాయిగా ఉందో చూసుకోండి. సాధారణంగా 90, 110 డిగ్రీల మధ్య ఎక్కడో కుదురుతుంది. గదిలో లైటు వేసుకోండి. వికారం మొదలైన క్షణమే ఆపేయండి, పోరాడి గెలిచేది కాదు అది. మెరిసే వెలుగులతో ఇబ్బంది ఉన్నవాళ్లు ఈ ఆట జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మౌస్ సెన్సిటివిటీ గురించి కూడా అడిగారు. మౌస్‌ను ఎంత దూరం జరిపితే మీరు ఒక పూర్తి చుట్టు తిరుగుతున్నారో స్కేలుతో కొలవండి. నెమ్మదిగా సాగే షూటర్లలో 40 సెంటీమీటర్లు పెట్టుకున్నా నడుస్తుంది. ఇక్కడ గాల్లో ఉండగా వెనక్కి తిరగాల్సి వస్తుంది కాబట్టి నేను 25కు తగ్గించాను. ఇది నా చేతికి కుదిరిన లెక్క, మీ చెయ్యి వేరు. ఒకటి కుదుర్చుకున్నాక రెండు వారాల దాకా మార్చకపోతే చాలు.

ఈ వారం సాధన

మీరు బాగా ఎరిగిన ఒక చిన్న లెవెల్ ఎంచుకోండి. మొదటి రోజు గన్ను మార్పిడి ఒక్కటే: ప్రతి గన్నునూ మూడు నాలుగు తూటాలకే విసిరేస్తూ ఆడండి. గెలుపోటములు పట్టించుకోవద్దు. రెండో రోజు నుంచి గొలుసు. ద్వారంలోంచి డైవ్, నేలకు తగలగానే స్లైడ్, స్లైడ్ చివర దూకి గోడ. ఈ మూడింటినీ పైకి లెక్కపెడుతూ చేయండి, "ఒకటి, రెండు, మూడు" అని నిజంగా నోటితో అనండి. లెక్క ఎక్కడ తడబడిందో మీ ఖాళీ అక్కడే ఉంది. మూడు తడబడకుండా వస్తే నాలుగు చేయండి. నాకు ఐదు దాటడానికి చాలా రోజులు పట్టింది, కాబట్టి మూడు దగ్గర వారమంతా ఉండిపోయినా కంగారు పడకండి.

వారం చివర ఒక ఆటను రికార్డు చేసి, మీరు చనిపోయిన ప్రతి చోటా ఆపి, ఆ క్షణంలో మీ కాళ్లు ఏం చేస్తున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. "నిలబడ్డాను", "వెతికాను", "రీలోడ్ నొక్కాను" అని ఒక్కో ముక్క చాలు. ఆ కాగితం జాగ్రత్తగా ఉంచండి. పాఠం 4లో స్టీల్ లేని చేతి స్థానంలో వచ్చే ఫిరంగిని తీసుకుంటాం. ఎదురుగా గోడ ఉంటే దాన్ని పగలగొట్టి దారి చేసుకోవడం ఎలాగో ఆ కాగితం మీద ఉన్న చోట్ల దగ్గరే మొదలుపెడతాం.