నెలాఖరు ఎక్స్‌పైరీ వస్తోంది: ఫ్యూచర్స్‌లో స్కాల్పింగ్‌కి ముందు ఇవి చూసుకోండి

ఫ్యూచర్స్ అంటే రాబోయే తేదీకి ధరను ఇప్పుడే ఖాయం చేసుకునే ఒప్పందాలు, ఎక్స్‌పైరీ అంటే వాటి గడువు ముగిసే రోజు. కొద్ది పాయింట్ల లాభం కోసం వెంటవెంటనే కొని అమ్మడమే స్కాల్పింగ్. ముందు ఖర్చు లెక్క. 2024 అక్టోబర్ 1న ఫ్యూచర్స్ అమ్మకంపై ఎస్‌టీటీని (లావాదేవీలపై వేసే పన్ను) 0.0125 నుంచి 0.02 శాతానికి పెంచారు. ఆ రేటుతోనే లెక్కేసినా, నిఫ్టీ 25,000 దగ్గర ఉంటే ఒక్క ఆ పన్నుకే 5 పాయింట్లు పోతాయి. స్టాంప్ డ్యూటీ, ఎక్స్ఛేంజ్ చార్జీలు, బ్రోకరేజ్, జీఎస్టీ ఆపైన. స్క్రీన్ మీద 6 పాయింట్ల లాభం పచ్చగా కనిపిస్తుంది, రాత్రి కాంట్రాక్ట్ నోట్ (ఆ రోజు ట్రేడ్లకు బ్రోకర్ పంపే లెక్క) తెరిస్తే మైనస్. ఇప్పటి రేటెంతో ఆ నోట్‌లోనే చూసుకోండి. చిన్న మదుపరికి ఈ ఐదారు పాయింట్ల వేట గిట్టదనే నేను గట్టిగా చెబుతాను.

స్టాప్‌లాస్, అంటే నష్టం ఇంతకు చేరగానే బయటపడే ఆర్డర్, ముందే సిస్టమ్‌లో పెట్టండి. మనసులో పెట్టుకుంటే ఆ క్షణానికి అమ్మడానికి చెయ్యి రాదు. అది లిమిట్ ఆర్డర్ (చెప్పిన ధరకో, అంతకంటే మెరుగైన ధరకో మాత్రమే జరిగేది) అయితే ధర ఒక్కసారిగా దూకినప్పుడు అమలు కాకపోవచ్చు.

రోజుకి ఎన్ని ట్రేడ్లో కాగితం మీద రాసుకోండి. పోయింది రాబట్టాలన్న టెన్షన్‌లో ట్రేడ్లు పెరుగుతాయి, చార్జీలూ పెరుగుతాయి.

అప్పు డబ్బు వద్దు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనమే తేల్చింది.

నష్టమొచ్చినా ఐటీ రిటర్న్ గడువులోగా వేయండి. ఆ నష్టాన్ని 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లవచ్చు.