ఎర్ర సుద్ద చిత్రాన్ని చేతిలోకి తీసుకునే ముందు జాగ్రత్తలు

రోమ్‌లోని విల్లా ఫార్నెసీనా అనే భవనం కప్పు మీద ఇటలీ చిత్రకారుడు రాఫెయెల్, అతని శిష్యులు 1517–18లో వేసిన క్యూపిడ్ (రోమన్ పురాణాల్లో ప్రేమ దేవుడు), అతని ప్రియురాలు సైకీ బొమ్మలను తర్వాతి తరాల చిత్రకారులు ఎర్ర సుద్దతో కాగితంపై దించుకున్నారు. అలాంటి కాగితాన్ని తీసే ముందు ఇవి చూసుకోండి.

– బల్ల తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. నీళ్ల సీసా, పెన్ను దగ్గర ఉండకూడదు, పెన్సిలే వాడాలి.

– చేతులు కడిగి ఆరబెట్టుకోండి. నూలు గ్లౌజులు వద్దు. అంచు వేలికి తెలియక కాగితం చిరుగుతుంది.

– అన్నిటికన్నా ముఖ్యం: గీతను తాకకండి. ఎర్ర సుద్ద ఇనుప ఆక్సైడు కలిసిన మెత్తని మట్టి. దాని పొడి కాగితం గరుకు మీద ఆని ఉంటుందంతే. సైకీ భుజం దగ్గర ఒక్క వేలు రాసుకుంటే నీడ గీతలన్నీ గులాబీ మరకైపోతాయి. ప్లాస్టిక్ షీటు కూడా కప్పకండి, స్థిర విద్యుత్తు ఆ పొడిని లాగేస్తుంది.

– వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) దాటనివ్వకండి. ఎర్ర రంగు తట్టుకుంటుంది, కాగితమే పసుపెక్కుతుంది.

– కప్పు మీది అసలు చిత్రం ఫొటో పక్కన ఉంచుకోండి. బొమ్మ అద్దంలోలా తిరగబడి, గీతలు వెలిసినట్టుంటే అది మరో సుద్ద చిత్రం మీద తడి కాగితం అద్ది తీసిన అచ్చు కావచ్చు. కుడిచేతి వాటం చిత్రకారుడి నీడ గీతలు మామూలుగా పై కుడి నుంచి కింది ఎడమకు వాలతాయి; అచ్చులో ఆ వాలు తారుమారవుతుంది. అయితే తిరగబడిన ముద్రణ చూసి గీసినా బొమ్మ అలాగే ఉంటుంది, కాబట్టి గీతల వాలు చూడకుండా తేల్చేయకండి.